పురుగు పిండంలో కండరానికి చోటు చూపేది పక్క పొరే: తరచుగా అడిగే ప్రశ్నలు

కింది ప్రశ్నల్లో ఎక్కువ భాగం డిగ్రీ జువాలజీ విద్యార్థులు అడిగేవి. రెండు మూడు మాత్రం ఈ సబ్జెక్టుతో ఏ సంబంధమూ లేని మా బంధువులు అడిగినవి. జవాబు చెప్పడానికి ఎక్కువ తడుముకున్నది వాటికే.

ఇంతకీ ఏ పురుగు గురించి మాట్లాడుతున్నాం?

డ్రోసోఫిలా మెలనోగాస్టర్. బాగా మగ్గిన అరటిపళ్ళ మీద ముసిరే, ఎర్ర కళ్ళ చిన్న ఈగ. మామిడి, జామ రైతులు "పండు ఈగ" అని తిట్టుకునేది ఇది కాదు, అది వేరే కుటుంబం. డ్రోసోఫిలా గుడ్డు అర మిల్లీమీటరు పొడవుంటుంది. 25 డిగ్రీల వేడిలో ఒక్క రోజు లోపలే పిండం పూర్తయి డింభకం, అంటే పాకే పిల్ల పురుగు, బయటికి వస్తుంది. అంటే కండరాల కథ మొత్తం పొద్దున మొదలై మర్నాడు పొద్దుటికి ముగిసిపోతుంది. పరిశోధకులు దీన్ని పట్టుకు వేలాడడానికి ఈ వేగం ఒక కారణం. వందేళ్ళుగా పోగైన మ్యూటెంట్లు, అంటే ఏదో ఒక జన్యువు మారిన ఈగల రకాలు, ఇంకో కారణం.

పురుగుకు కండరాలు కూడానా?

ఇది మా పిన్ని అడిగిన ప్రశ్న. గోడ మీద పాకే గొంగళిపురుగును చూపించి, కండ లేకపోతే అది ఎలా ముడుచుకుని సాగుతుందమ్మా అన్నాను.

డ్రోసోఫిలా డింభకం చర్మం కింద కండరాలు ఒక పటంలా అమరి ఉంటాయి. పురుగు ఒళ్ళు వరసగా కట్టుకట్టుగా ఉంటుంది, ఆ ఒక్కో కట్టు ఒక ఖండితం. ఉదరంలో రెండో ఖండితం నుంచి ఏడో ఖండితం దాకా, ఒక్కో ఖండితంలో ఎడమవైపు 30, కుడివైపు 30. నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని, ఏటవాలుగా కొన్ని. ఏ పిండాన్ని తీసుకున్నా ఆ 30 అవే చోట్ల, అవే కోణాల్లో ఉంటాయి. అందుకే ఒక్కోదానికి విడిగా పేరుంది.

మన చేతి కండరం ఒక్కదాంట్లో వేల పోగులుంటాయి. ఇక్కడ మాత్రం ఒక కండరమంటే ఒకే ఒక పోగు, అంటే ఒకే పెద్ద కణం. చాలా చిన్న కణాలు కలిసిపోయి అది తయారవుతుంది కాబట్టి, దానిలో కొన్నిచోట్ల 4, 5 కేంద్రకాలు, కొన్నిచోట్ల 20కి పైగా ఉంటాయి. ఒక్కో కణాన్ని లెక్కపెట్టగలిగే ఈ పొదుపు వల్లే "ఈ కండరం ఇక్కడే ఎందుకు పుట్టింది?" అనే ప్రశ్నను ఇంత సూటిగా అడగగలిగాం.

పాఠంలో బహిస్త్వచం, మధ్యత్వచం అంటారు. అవేమిటి?

పై పొర, మధ్య పొర. ఇక ముందు ఈ మాటలే వాడతాను. గుడ్డు పెట్టిన సుమారు 3 గంటలకు, పిండం పొట్టవైపున ఉన్న కణాలు లోపలికి మడతపడి ఒక గొట్టంలా దిగుతాయి. ట్విస్ట్, స్నెయిల్ అనే రెండు జన్యువులు పనిచేసిన కణాలే ఇలా దిగుతాయి. దిగినవి మధ్య పొర అవుతాయి, పైన మిగిలినవి పై పొర. కండరాలూ, గుండే, కొవ్వు కణజాలమూ మధ్య పొర నుంచే వస్తాయి. చర్మమూ, నరాలూ పై పొర నుంచి వస్తాయి.

లోపలికి దిగిన గొట్టం కూలి, పై పొర అడుగున పరుచుకుంటూ పొట్టవైపు నుంచి వీపువైపు పాకుతుంది. పొరుగు పొర మాట మొదట వినిపించేది ఇక్కడే. పాకే కణాల మీద హార్ట్‌లెస్ అనే గ్రాహకం ఉంటుంది. గ్రాహకమంటే బయటి సంకేతాన్ని పట్టుకునే ప్రొటీన్. ఇది పట్టుకునేది ఎఫ్‌జీఎఫ్ అనే జాతి సంకేతాలను. ఆ సంకేతాలను పంపేది పై పొర, వాటి పేర్లు పిరమస్, థిస్బి. పాత రోమన్ కథలో గోడకు చెరోవైపు ఉండి, గోడ పగులులోంచి మాట్లాడుకున్న ప్రేమికుల పేర్లివి. 2004లో వీటిని కనిపెట్టినవాళ్ళు ఈ పేర్లు ఊరికే పెట్టలేదు, పని కూడా అలాంటిదే. హార్ట్‌లెస్ పాడైతే మధ్య పొర వీపుదాకా సరిగా చేరదు. చేరకపోతే అక్కడ ఎదురుచూస్తున్న తర్వాతి సంకేతం దానికి అందదు, గుండె తయారవదు. హార్ట్‌లెస్ అన్న పేరు అందుకే.

కండరం కావాలని మధ్య పొరకు ముందే తెలుసు కదా. పై పొర చెప్పాల్సిన పనేముంది?

సగం నిజం. "నువ్వు మధ్య పొరవి" అని ట్విస్ట్ ముందే చెప్పేసింది. "నువ్వు ఏ చోట ఉన్నావు, అక్కడ ఏం కావాలి" అన్నది మాత్రం ఇంకా చెప్పలేదు.

జన్యువుల కాలం రాకముందే ఈ తేడాను పట్టుకున్న ప్రయోగం ఒకటుంది. నాకు చాలా ఇష్టమైనది. 1940ల మొదట్లో బాక్ అనే శాస్త్రవేత్త క్రైసోపా అనే పురుగు పిండాల మీద పనిచేశారు. మన పత్తి రైతులకు ఈ పేరు తెలుసు. పేనుబంకను తినే మిత్రపురుగు, ఆకుపచ్చ ఒళ్ళు, అల్లికలాంటి రెక్కలు. పిండంలో ఒకచోట పై పొరను నాశనం చేస్తే దాని కింది మధ్య పొర తన అవయవాలను సరిగా తయారుచేసుకోలేకపోయింది. మధ్య పొర లేకుండా చేస్తే మాత్రం పై పొర తన పని తాను చేసుకుపోయింది. అంటే మాట ప్రధానంగా పైనుంచి కిందికి వెళ్తోంది. ఆ మాట ఏ అణువు రూపంలో వెళ్తోందో చెప్పే సాధనాలు బాక్ దగ్గర లేవు. దానికి ఇంకో యాభై ఏళ్ళు పట్టింది.

ఒక మినహాయింపు చెప్పాలి. పిండంలో తాను ముందు భాగమా, వెనక భాగమా అన్న సంగతి మధ్య పొరకు చాలావరకు సొంతంగానే తెలుసు. హాక్స్ జన్యువులు దానిలోపలే పనిచేసి ఆ లెక్క చూసుకుంటాయి. ఒక ఖండితం లోపల వీపా, పొట్టా, ముందు అంచా, వెనక అంచా అన్న చిరునామాకే పొరుగు పొర సాయం కావాలి. "అంతా పై పొరే చెప్తుంది" అని పరీక్షలో రాస్తే మార్కులు పోతాయి.

ఆ అణువు ఏమిటి? ఎలా తెలిసింది?

మొదట గట్టిగా దొరికింది డీపీపీ. పూర్తి పేరు డెకాపెంటాప్లెజిక్, ఒక్కసారి పలికి వదిలేద్దాం. ఇది వీపువైపు పై పొరలో తయారై బయటికి ఊరుతుంది.

ఇటువైపు మధ్య పొరలో టిన్‌మన్ అనే జన్యువు ఉంది. మొదట ట్విస్ట్ ప్రభావం వల్ల మధ్య పొర అంతటా ఇది పనిచేస్తుంది. కాసేపటికి పొట్టవైపు ఆగిపోయి, వీపువైపు మాత్రమే మిగులుతుంది. ఎందుకు అక్కడే మిగిలింది? 1995లో న్యూయార్క్‌లో మాన్‌ఫ్రెడ్ ఫ్రాష్ దీనికి జవాబు చూపించాడు. డీపీపీ లేని పిండంలో వీపువైపు కూడా టిన్‌మన్ నిలబడలేదు. డీపీపీని మామూలుగా ఉండని పొట్టవైపు కూడా తయారయ్యేలా చేస్తే టిన్‌మన్ అక్కడిదాకా విస్తరించింది. తీసేస్తే పోయింది, కొత్తచోట పెడితే కొత్తచోట వచ్చింది. ఈ రెండూ ఉంటేనే "ఇది కారణం" అనగలం. ఒక్కటే ఉంటే అనుమానం మిగులుతుంది.

ఇక్కడ ఒక తెలివైన విద్యార్థి అడగాల్సిన ప్రశ్న ఉంది: డీపీపీ పై పొర కణాలకూ తగులుతోంది కదా, వాటిలో టిన్‌మన్ ఎందుకు రాదు? టిన్‌మన్ జన్యువు పక్కన దాన్ని నడిపే డీఎన్ఏ ముక్క ఉంది. ఆ ముక్క మీద డీపీపీ సంకేతం మోసుకొచ్చే ప్రొటీన్లకు చోటుంది, అప్పటికే ఉన్న టిన్‌మన్ ప్రొటీన్‌కూ చోటుంది. రెండూ వచ్చి కూర్చుంటేనే పని జరుగుతుంది. పై పొరలో మొదటినుంచీ టిన్‌మన్ లేదు కాబట్టి సంకేతం వచ్చినా ఫలితం లేదు. ఉత్తరం ఇద్దరికీ వచ్చింది, ఆ లిపి చదవడం ఒక్కరికే వచ్చు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగతా పేజీ సులువు.

ఒకే సంకేతం ఒకచోట గుండెను, ఇంకోచోట పేగు కండరాన్ని ఎలా చేస్తుంది?

ఒక్కటే కాదు కాబట్టి. డీపీపీ వీపు–పొట్ట దిశలో గీత గీస్తే, దానికి అడ్డంగా వింగ్‌లెస్, హెడ్జ్‌హాగ్ అనే మరో రెండు సంకేతాలు ప్రతి ఖండితంలోనూ చారలు చారలుగా వస్తాయి. గళ్ళ లుంగీలో నిలువు చారా, అడ్డ చారా కలిసినచోట కొత్త రంగు పడుతుంది చూడండి, అలా.

డీపీపీ, వింగ్‌లెస్ రెండూ అందిన చోట గుండె కణాలూ, వీపు కండరాలు కొన్నీ వస్తాయి. డీపీపీ అందుతూ, వింగ్‌లెస్ లేకుండా హెడ్జ్‌హాగ్ ప్రభావం ఉన్నచోట పేగు చుట్టూ ఉండే కండరాలు వస్తాయి. వింగ్‌లెస్ ఉన్న పట్టీలో ట్విస్ట్ మోతాదు ఎక్కువగా నిలుస్తుంది, శరీరాన్ని కదిపే కండరాలకు ఆ మోతాదు కావాలి.

దీనికి అందరూ చూపించే ఉదాహరణ ఈవ్ అనే జన్యువు. ఒక్కో అర ఖండితంలో (ఖండితంలో ఎడమ లేదా కుడి సగం) వీపువైపు గుప్పెడు కణాల్లోనే ఇది వెలుగుతుంది, వాటిలోంచి ఒక వీపు కండరమూ, కొన్ని గుండె కణాలూ వస్తాయి. దీన్ని నడిపే డీఎన్ఏ ముక్కను 2000లో విప్పి చూస్తే ఐదు రకాల ప్రొటీన్లకు చోట్లు కనిపించాయి: వింగ్‌లెస్ కబురు తెచ్చేది, డీపీపీ కబురు తెచ్చేది, రాస్ మార్గం (గ్రాహకాలు పట్టుకున్న సంకేతాన్ని కణం లోపలికి చేరవేసే ప్రొటీన్ల వరస) కబురు తెచ్చేది, ఇవి కాక సొంత ఇంటివాళ్ళు టిన్‌మన్, ట్విస్ట్. పొరుగువాళ్ళ మాట, సొంత చరిత్ర ఒకే డీఎన్ఏ ముక్క మీద కలుస్తున్నాయి.

వింగ్‌లెస్ లేకపోతే పిండమే అస్తవ్యస్తమవుతుంది కదా. కండరాలు పాడైంది దానివల్ల కావచ్చుగా?

మంచి అనుమానం, పరిశోధకులకూ ఇదే వచ్చింది. వాళ్ళకు ఒక మ్యూటెంట్ అక్కరకొచ్చింది. అందులో వింగ్‌లెస్ ప్రొటీన్ చల్లగా, 18 డిగ్రీల దగ్గర ఉంటే పనిచేస్తుంది, 25 డిగ్రీలకు తెస్తే మానేస్తుంది. ఖండితాలు ఏర్పడేదాకా పిండాన్ని చల్లగా ఉంచి, తర్వాత వేడి పెంచితే శరీరం అమరిక పెద్దగా చెడకుండా వింగ్‌లెస్‌ను మాత్రం ఆపేయవచ్చు. అలా ఆపినా కొన్ని కండరాలకు మొదలయ్యే కణాలు రాలేదు, గుండె కణాలు రాలేదు. మిగతా కండరాలు వచ్చాయి. అన్నీ పోకుండా కొన్నే పోవడం వల్లనే ఆ సంకేతం ఎవరికి అవసరమో తేలింది.

ఒకే చోట ఉన్న కణాల గుంపులో ఒక్కటే ఎందుకు ఎంపికవుతుంది?

ఆర్టీసీ బస్సు ఆగగానే కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేయడం చూశారుగా. ఇదీ అంతే. సంకేతాలు కలిసిన చోట ఒక చిన్న గుంపు కణాలకు అర్హత వస్తుంది. రాస్ మార్గం వాటిని ముందుకు తోస్తుంది. ఒక కణం కొంచెం ముందు పడితే, నాచ్ అనే గ్రాహకం ద్వారా పక్క కణాలకు "మీరు ఆగండి" అని చెప్తుంది. ఆగినవి వెనక్కి తగ్గుతాయి. నాచ్ లేని పిండంలో కర్చీఫ్‌కు విలువుండదు, గుంపులో అన్నీ సీటు నాదే అంటాయి.

గెలిచిన కణం ఒకసారి విభజన చెందుతుంది. నంబ్ అనే ప్రొటీన్ ఒక పిల్లకే దక్కుతుంది, దాంతో ఒకే తల్లి పిల్లలు రెండూ రెండు వేర్వేరు దారులు పడతాయి. చాలాసార్లు రెండు వేర్వేరు కండరాలు, కొన్నిసార్లు ఒకటి డింభకం కండరమూ, ఇంకొకటి పెద్ద ఈగ కోసం దాచిపెట్టిన కణమూ.

మిగిలిపోయిన కణాల సంగతి?

వృథా కావు. గెలిచినవాటిని వ్యవస్థాపక కణాలు అంటారు, ఈ ఆలోచనను 1990లో కేంబ్రిడ్జిలో మైకేల్ బేట్ ముందుకు తెచ్చాడు. మిగిలినవి వాటితో కలిసిపోయే కణాలు. వ్యవస్థాపక కణం మీద డంబ్‌ఫౌండెడ్ అనే ప్రొటీన్, కలిసే కణాల మీద స్టిక్స్ అండ్ స్టోన్స్ అనే ప్రొటీన్ ఉంటాయి. రెండూ తాళం, తాళంచెవిలా అతుక్కుంటాయి. తర్వాత పొరలు తెరుచుకుని ఒకే కణం అవుతుంది. వచ్చి చేరిన కేంద్రకాలు వ్యవస్థాపకుడి పద్ధతే పాటిస్తాయి.

కలయిక పూర్తిగా ఆగిపోయిన మ్యూటెంట్లలో ఒక విచిత్రం కనిపిస్తుంది. వ్యవస్థాపక కణం ఒంటరిగానే సన్నగా సాగి, తన చోటుకే వెళ్ళి, సరైన దిశలోనే ఒక బక్క కండరం అవుతుంది. అంటే "నేనెవరు" అన్నది కలయికకు ముందే తేలిపోయింది, అదీ పొరుగు సంకేతాలు పనిచేసిన ఆ కొద్ది గంటల్లో.

కండరం చివర్లు ఎక్కడ అతుక్కోవాలో ఎలా తెలుస్తుంది?

నాకు ఈ భాగం గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. ఇక్కడ మాట రెండు వైపులా నడుస్తుంది.

నులక మంచం నేయాలంటే ముందు పట్టె ఉండాలి. కండరానికి పట్టె పై పొరలోని టెండన్ కణాలు, అంటే కండరం కొనను పట్టి ఉంచే కణాలు. స్ట్రైప్ అనే జన్యువు వాటిని టెండన్ దారిలో పెడుతుంది. ఈ కణాలు స్లిట్ అనే సంకేతాన్ని విడుదల చేస్తాయి, కండరం కొనమీదున్న రోబో గ్రాహకం దాన్ని పట్టుకుని అటువైపు సాగుతుంది. వింతేమిటంటే, అంతకు ముందు ఇదే స్లిట్ పిండం నడిమి గీత నుంచి వచ్చి, ఇవే కండర కణాలను దూరంగా తరిమింది. 2001లో వచ్చిన ఒక పరిశోధన ఈ మార్పును చూపింది. అణువు మారలేదు, వినే కణం వయసు మారింది.

కండరం వచ్చి తగిలాక తన వంతుగా వెయిన్ అనే సంకేతాన్ని టెండన్ కణానికి ఇస్తుంది. అది అందిన టెండన్ కణమే గట్టిపడి, లోపల సన్నని ప్రొటీన్ నాళికలు పేర్చుకుని, లాగుడును తట్టుకునేలా తయారవుతుంది. కండరం తాకని టెండన్ కణాల్లో స్ట్రైప్ నిలబడదు. ఎవరూ నులక చుట్టని పట్టెను ఇల్లు ఉంచుకోదన్నమాట.

చివరికి ఇంటెగ్రిన్లు అనే ప్రొటీన్లు రెండు కణాల మధ్య కుట్టు వేస్తాయి. ఇంటెగ్రిన్ లోపించిన ఒక మ్యూటెంట్ పేరు మయోస్ఫెరాయిడ్. అందులో కండరాలు మామూలుగానే తయారవుతాయి, అతుక్కుంటాయి, మొదటిసారి గట్టిగా ముడుచుకోగానే ఊడి గుండ్రటి ఉండలైపోతాయి.

నరాలు రాకపోతే కండరం పెరుగుతుందా?

పిండంలో పెరుగుతుంది. 1993లో బ్రోడీ, బేట్ నరం చేరకుండా చేసిన పిండాల్లో కండరాల అమరిక మామూలుగానే ఉంది. నరం సంకేతాన్ని అందుకునే గ్రాహకాలు మాత్రం ఒకచోట పోగుపడలేదు.

పెద్ద ఈగలో కథ వేరు. మగ ఈగ ఉదరం ఐదో ఖండితంలో లారెన్స్ కండరం అని ఒకటుంది. అది రావాలా వద్దా అన్నది దానికి వచ్చే నరం మగదా ఆడదా అన్నదాన్ని బట్టి తేలుతుంది.

కండరం ఇంకెవరికైనా చెప్తుందా?

చెప్తుంది. పేగు చుట్టూ ఉన్న కండర పొర ఒకచోట డీపీపీని విడుదల చేస్తే, దాని లోపల ఉన్న పేగు గోడలో లేబియల్ అనే జన్యువు మేలుకుంటుంది. మొదట వీపువైపు పై పొర నుంచి డీపీపీ విన్న కణాల వంశమే ఇప్పుడు అదే మాటను లోపలివాళ్ళకు చెప్తోంది. పేగు కండరాల విషయంలో ఇంకో సంకేతం ఉంది, పేరు జెల్లీ బెల్లీ. పక్కనున్న శరీర కండర కణాలు దాన్ని పంపితే, పేగు వైపు కణాలు ఆల్క్ అనే గ్రాహకంతో అందుకుని వ్యవస్థాపకులవుతాయి. 2003లో ఇది తేలింది.

మిగతా పురుగుల్లోనూ ఇంతేనా?

మిడతలో 1983లోనే "కండర మార్గదర్శకులు" అనే పెద్ద కణాలను చూశారు. అవి ముందుగా సాగి చట్రం కడితే, మిగతావి దాని మీద చేరతాయి. ఈగలోని వ్యవస్థాపక కణాల ఆలోచనకు ఇది ముందుమాట లాంటిది.

డ్రోసోఫిలాలోనే పెద్ద ఈగ ఎగిరే కండరాల కోసం కొన్నిచోట్ల డింభకం పాత కండరాలే అచ్చులుగా మిగులుతాయి. మూడు పాతవాటి మీద కొత్త కణాలు చేరి, అవి చీలి ఆరవుతాయి. 1991లో ఈ సంగతి వివరించిన ముగ్గురిలో మన దేశ శాస్త్రవేత్త కె. విజయరాఘవన్ ఒకరు.

ఇదంతా తెలిస్తే మనకేంటి?

మా బావగారి ప్రశ్న. ఆయనకు చెప్పిన జవాబే ఇక్కడా. డీపీపీకి మనలో ఉన్న బంధువు బీఎంపీ4. 1993లో మనిషి బీఎంపీ4ను ఈగ పిండంలో డీపీపీ బదులు పెడితే వీపు–పొట్ట అమరిక కుదిరింది. అదే ఏడాది ఈగ డీపీపీని ఎలుక చర్మం కింద పెడితే అక్కడ ఎముక పుట్టింది. టిన్‌మన్‌కు మనలో ఉన్న బంధువు ఎన్‌కేఎక్స్2-5. అది చెడిన కొన్ని కుటుంబాల్లో పుట్టుకతో గుండె లోపాలు వస్తాయని 1998లో తెలిసింది. ఆల్క్ మన ఊపిరితిత్తుల క్యాన్సర్లలో కొన్నింటికి కారణం, దాన్ని ఆపే మందులు వాడుకలో ఉన్నాయి. స్టిక్స్ అండ్ స్టోన్స్‌కు మనలోని బంధువు నెఫ్రిన్, అది కిడ్నీ వడపోతలో ఉంటుంది. బావగారు కిడ్నీ దగ్గర ఆగి, "ఈగకీ మనకీ చుట్టరికమా" అన్నారు. అవును, దూరపుదే అయినా ఉంది.

ఇంట్లోనో కాలేజీలోనో చూడొచ్చా?

చూడొచ్చు. మగ్గిన అరటిపండు గుజ్జు మీద ఈగలు పెట్టిన గుడ్లను కుంచెతో తీయండి. సగం నీళ్ళు కలిపిన బ్లీచ్‌లో రెండు మూడు నిమిషాలు ఉంచితే పై పెంకు కరుగుతుంది. బాగా కడిగి, ఎండిపోకుండా నూనె చుక్కలో పెట్టి మామూలు మైక్రోస్కోపు కింద పెట్టండి. బ్లీచ్ చేతికి, కంటికి తగలనీయకండి, కిటికీ తెరిచి ఉంచండి. సాయంత్రం పెట్టిన గుడ్డయితే మర్నాడు మధ్యాహ్నం లోపలే చూడాలి. ముందు అక్కడక్కడా చిన్న తుళ్ళింత కనిపిస్తుంది. తర్వాత ఆ తుళ్ళింతలు తలనుంచి తోకకు, తోకనుంచి తలకు అలలా సాగుతాయి. కాసేపటికి శ్వాసనాళాల్లోకి గాలి నిండి, వీపు మీద రెండు గీతలు ఒక్కసారిగా స్పష్టమవుతాయి. అప్పటినుంచి కన్ను తీయకండి, ఇంకో మూడు నాలుగు గంటల్లో డింభకం నోటి కొక్కేలతో పొర చీల్చుకుని బయటికి పాకుతుంది.